పోయిన పెనాల్టీ

"అలాగ తంతాడేట్రా పెనాల్టీ ఎవుడైనా!"

ధర్మారావు ఈ మాట పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాడు. నరసన్నపేటలో ఎరువుల షాపు తెరుస్తూ అన్నాడు. యూరియా కోసం వచ్చిన రైతుతో అన్నాడు. మధ్యాహ్నానికి షట్టర్ దించేసి, టీ కొట్టు దగ్గర జనాన్ని పోగేసి మరీ అన్నాడు.

అనడా మరి! ఈ ఫుట్‌బాల్ లీగ్‌లో ప్లేఆఫ్‌కి నాలుగు జట్లే వెళ్తాయి. నిన్న ఆ ఒక్క గోల్ పడితే మన కళింగ జట్టుకి నాలుగో బెర్తు ఖాయం. ఆట ఆఖర్లో పెనాల్టీ దొరికింది. బంతి ముందు నిలబడింది పక్క ఊరి కుర్రాడే, ఆనంద్‌కుమార్. వాడేం చేశాడు? గట్టిగా తన్నొచ్చు కదా! సోకుకి పోయి బంతిని ముద్దుగా గాల్లోకి లేపాడు. గోల్‌కీపర్ నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, చంటిపిల్లని అందుకున్నట్టు అందుకున్నాడు.

"ఇంకేటి ప్లేఆఫ్! శనివారం ఆఖరి మ్యాచ్ మనం నెగ్గాల. అదీ సాలదు, మన ముందరున్న ఆ గోదారి టీమోల్లు ఓడాల," అన్నాడు మురళీమోహన్. అతనిది పక్కనే సెల్‌ఫోన్ల కొట్టు.

"ఆళ్లు ఓడతారా? మన ఖర్మ!"

"ఈడు టీమ్‌లో ఉంటే మనం మాత్రం నెగ్గుతామేటి?"

టీ కొట్టు మీద ఆనంద్‌కుమార్ ఫ్లెక్సీ ఉంది. సీజన్ మొదట్లో వీళ్లే పూలదండ వేసి కట్టారు. ధర్మారావు బెంచీ ఎక్కి దాన్ని పీకి పారేశాడు. మళ్లీ తనే తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పదండ్రా! ఆడెలాగూ విశాఖ క్యాంపులో ఉంటాడు, దొరకడు. ఆళ్లమ్మ దొరుకుతాది కదా. ఇది ఆవిడ గుమ్మంలో పడీసి, కొడుకుని టీమ్ లోంచి తప్పుకోమని సెప్పిద్దాం!"

బైకులు కదిలాయి. ఆనంద్‌కుమార్ ఊళ్లోకి వచ్చేసరికి ఇంకో పది మంది కలిశారు. వీధి పొడుగునా అరుపులే. సోకులన్నారు, గోదారోల్లన్నారు, సిగ్గు లేదన్నారు. ఒకడి చేతిలో రాయి కూడా ఉంది. ఆనంద్‌కుమార్ వాళ్ల పెంకుటింటికి అద్దాల కిటికీ ఒకటే, రాయి పట్టుకున్నవాడి చూపు దాని మీదే ఉంది.

ఆనంద్‌కుమార్ తల్లి జగ్గమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోన్. గుంపు వైపు చూడనైనా లేదు.

"ఒరే సచ్చినోడా! బువ్వ తింతన్నావా, గడ్డి తింతన్నావా?"

గుంపు టక్కున ఆగింది.

"గట్టిగా తన్నరా అంటే సోకులు పడతావేట్రా? ఊరోల్లకి మొహం సూపించనియ్యకుండా సేసినావు. ఇప్పుడు గోదారోల్లు ఓడితే గానీ మనకి గతి నేదు. మాటాడవేటి? నోరడిపోనాదా?"

ధర్మారావు దారంతా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఈవిడే తిట్టేస్తోంది! అతనికి ఒళ్లు మండిపోయింది. లోపల్నుంచి కోడికూర ఉడుకుతున్న వాసన వస్తోంది. మనకి టీ నీళ్లు కూడా దిగడం లేదు, ఈవిడకి కోడికూర కావలసొచ్చిందా అని మురళీమోహన్ పళ్లు కొరికాడు.

"అత్తా, ఆ ఫోన్ ఇలగియ్యి. నానడుగుతాను ఆణ్ణి," అన్నాడు ధర్మారావు చెయ్యి చాపి.

"నువ్వెవుడివిరా అడగడానికి? కన్నది నాను. తిట్టినా నానే, సంపినా నానే!"

ఆవిడ మళ్లీ ఫోన్ మీద పడింది.

"ఏ మొహం ఎట్టుకుని శనివారం ఆడతావురా? నీ కోచ్ నంబరు నా కాడుంది. మా వోడు పనికిరాడు, తీసీయండని ఇప్పుడే సెప్తాను. ఈ గడప తొక్కినావంటే కాళ్లిరగ్గొట్టి మూల కూకోబెడతాను!"

కాళ్లనేసరికి మురళీమోహన్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మబాబోయ్! కాళ్ల మాటెత్తకత్తా! ఈ సీజన్లో సగం గోల్స్ ఆడివే."

"ఆడు నేకపోతే శనివారం గోలెవుడేస్తాడు?" అన్నాడు ధర్మారావు. అన్నాక తనే బిత్తరపోయాడు.

"మీరు నోర్ముయ్యండ్రా!" జగ్గమ్మ మూలనున్న చీపురు అందుకుని తలుపుని ఫెడీఫెడీమని బాదింది. "ఇన్నావా? ఇలాగే బాదుతాను నిన్ను!"

ఇద్దరు ముగ్గురు ఎగబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఒగ్గీ అత్తా, గుంటడు! ఎంతెంతోల్లో పోగొడతారు పెనాల్టీలు."

రాయి తెచ్చినవాడు దాన్ని మెల్లిగా కాలవలోకి జారవిడిచాడు.

జగ్గమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని కాసేపు విన్నది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తన్నాడు," అంది. "పెట్టీసినాడు."

ధర్మారావు గర్రున గుంపు మీదికి తిరిగాడు.

"ఎవుడ్రా మిమ్మల్ని రమ్మన్నోడు? సిగ్గునేదూ? మనోణ్ణి మనమే ఏడిపిస్తామా?"

"నువ్వే కదరా..."

"నోర్ముయ్!" అని జగ్గమ్మ వైపు తిరిగాడు. "అత్తా, మల్లీ ఫోన్ సెయ్యి. శనివారం మేవందరం విశాఖ వస్తన్నామని సెప్పు. పెనాల్టీ దొరికితే ఆణ్ణే తన్నమను. గట్టిగా తన్నమను, అంతే! ఒక తాడుముక్కుంటే ఇయ్యి, ఈ ఫ్లెక్సీ కట్టాల."

ఆవిడ బట్టల తాడు విప్పి ఇచ్చింది. బైకులు ఒక్కొక్కటే వీధి మలుపు తిరిగాయి.

చప్పుడు పూర్తిగా పోయేదాకా జగ్గమ్మ అక్కడే నిలబడింది. లోపలికొచ్చి తలుపు గడియ వేసింది. ఫోన్ గూట్లో పెట్టింది.

ధాన్యం బస్తాల వెనక నుంచి ఆనంద్‌కుమార్ మొహం తుడుచుకుంటూ లేచి, "ఎల్లిపోనారా అమ్మా?" అన్నాడు.