ఎదురు తన్ను

"స్విచ్ వెయ్యమంటావా?" అని అరిచాడు పెద్దోడు.

మెకానిక్ ఎడమ చెయ్యి ప్రెస్ మెషిన్ కింద ఉంది. మణికట్టు కదలకుండా బెల్టుతో బిగించి కట్టేశాడు పెద్దోడు. పైన ఇనప దిమ్మ వేలాడుతోంది. మధ్యాహ్నం ఎవరూ బటన్ నొక్కకుండానే ఆ దిమ్మ దిగి, పెద్దోడి తమ్ముడి కుడిచేతి వేళ్లు నాలుగూ నుజ్జు చేసింది. కింది పలక మీద రక్తం ఇంకా ఆరలేదు. మెకానిక్ అరచేతికి జిగటగా తగులుతోంది.

"వద్దు బాబూ, నీకు దణ్ణం పెడతా."

"ఏ చేత్తో పెడతావురా?" పెద్దోడు మెయిన్ స్విచ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రెండో చేతిలో మూరెడు స్పానర్ ఉంది. "వారం కిందట ఈ మెషిన్ కరెంటు బోర్డు బాగుచేసింది నువ్వు కాదూ?"

"నేనే."

"నేను అప్పుడే అన్నాను," గోడకు అతుక్కుపోయి నిలబడ్డ సూపర్‌వైజర్ అందుకున్నాడు. "ఇతని పని నాసిరకమని."

తమ్ముడి భార్య ఆస్పత్రి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చింది. మోచేతుల దాకా మొగుడి రక్తమే. "వాడితో మాటలేంటి బావగారూ? వేసెయ్యండి. వీడి పెళ్లాం కూడా నాలాగే మొగుడి రక్తం కడుక్కుంటుంది!"

"అమ్మా, ఒక్క పావుగంట," అన్నాడు మెకానిక్. "బోర్డు ఇక్కడే ఉంది. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. నా సంచీ ఇలా పడెయ్యండి. తప్పు నాదని తేలితే స్విచ్ నేనే వెయ్యమంటాను."

పెద్దోడు సంచీని కాలితో తన్నాడు. అది జారుతూ వచ్చి మెకానిక్ మోకాలికి తగిలింది.

మెషిన్ పక్కనున్న పెట్టె మూత తీస్తే కాలిన వాసన గుప్పున కొట్టింది. మెకానిక్ టార్చి వెలిగించి పెట్టె అంచున ఆనించాడు. బోర్డు మూల నల్లబడి బొబ్బలెక్కింది. మీటరు మొనలు బోర్డు మీది ఒక్కో ముక్క కాళ్లకీ ఆనించి చూశాడు. రిలేని నడిపే ట్రాన్సిస్టర్ దగ్గర మీటరు కుయ్యిమంటూ ఆగకుండా మోగింది, అంటే అది కాలిపోయింది. దిమ్మకి కరెంటు కలిపే రిలే లోపలి ముక్కలు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"కరెంటు రాగానే దిమ్మ దిగడానికి ఈ రెండే కారణం. మారుస్తాను."

చెమట కళ్లలో పడుతోంది. ఒంటిచేత్తో కాలిన ట్రాన్సిస్టర్ ఊడదీశాడు. రిలే ఊడదీశాడు. కొత్తవి గుచ్చి, సీసం తీగను నోట్లో ఇరికించుకుని, తల వంచి టంకం పెట్టాడు. పొగ కళ్లకు తగిలినా రెప్ప వెయ్యలేదు. టంకం చల్లారాక తలెత్తాడు.

"ఇప్పుడు వెయ్యి స్విచ్."

"చెయ్యి కిందే ఉంది."

"ఉండనీ. నా పని నాసిరకమన్నారుగా."

సూపర్‌వైజర్ కళ్లు మూసుకున్నాడు. పెద్దోడు స్విచ్ వేశాడు. మెషిన్ గుర్రుమంది. దిమ్మ కదల్లేదు.

మెకానిక్ ఊపిరి వదిలాడు. "ఇక అసలు సంగతి. ఇక్కడ చూడు, రెండు చిల్లులు ఖాళీ. కాలిపోలేదు, ఎవరో ఊడపీకారు. వారం కిందట నేను చూసినప్పుడు ఇక్కడ డయోడ్ ఉంది. నల్లటి చిన్న ముక్క, ఓ చివర తెల్ల గీత."

"అది లేకపోతే?"

"మెషిన్ మామూలుగానే నడుస్తుంది. అదే మాయ. కానీ రిలే ఆగిన ప్రతిసారీ కరెంటు ఎదురు తంతుంది. ఆ తన్ను కాచుకునేది డయోడే. అది లేకపోతే తన్నులన్నీ ట్రాన్సిస్టర్ తింటుంది. నాలుగు రోజులు తింది. ఇవాళ చచ్చింది."

పెద్దోడు గిరుక్కున తిరిగాడు. స్పానర్ సూపర్‌వైజర్ దవడ మీద పడింది. పన్ను ఎగిరి నేల మీద టక్కుమంది. రెండో దెబ్బ భుజం మీద పడింది. "నువ్వేనా? చెప్పరా, నువ్వేనా?"

"నా పిల్లల మీద ఒట్టు!" సూపర్‌వైజర్ నోట్లోంచి మాటతో పాటు రక్తం కారింది. "నాకు టంకమే రాదు!"

"ఆగు బాబూ," అన్నాడు మెకానిక్. "పీకినవాడు దాన్ని జేబులో పెట్టుకుని తిరగడు. మెషిన్ ఆగిపోతే పక్క బోర్డులోది పీకి తగిలించుకోవడం మీ షెడ్డులో అలవాటే కదా? వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. మిగతా మూడు మెషిన్లూ విప్పితే దొరుకుతుంది."

పెద్దోడు మూడో దెబ్బకి ఎత్తిన స్పానర్ గాల్లోనే ఆగింది.

తమ్ముడి భార్య ముందుకొచ్చి దాన్ని లాక్కుంది. మెకానిక్ చేతి బెల్టు విప్పింది. "పద. విప్పు. ఎవడిదో తేలితే దీనితోనే వాడి తల పగలగొడతాను."

మొదటి మెషిన్ బోర్డు మీద అన్నీ కంపెనీ టంకాలే, చేత్తో పెట్టింది ఒక్కటీ లేదు. రెండోదీ అంతే. మూడో మెషిన్ పెట్టెకి అడ్డంగా పెద్దోడు నిలబడి ఉన్నాడు.

"జరగండి బావగారూ."

అతను జరగలేదు. చేతులు వేలాడేసి నేల చూస్తున్నాడు.

"జరగండీ! నా మొగుడి చెయ్యి తీసిందెవడో తెలియాలి నాకు!"

"సోమవారం నా ఈ మెషిన్‌లో ఆ ముక్క కాలి ఆగిపోయిందమ్మా," అన్నాడు పెద్దోడు. "తీసినా వాడి మెషిన్ నడుస్తూనే ఉంది కదా, పనికిరాని ముక్క అనుకున్నా... పీకింది నేనే."