తుమ్ముల లెక్క

"ఇక ఈ గదిలో క్రిముల ఆటలు సాగవు" అంటూ సైన్సు టీచరు బల్ల మీది యంత్రం మీట నొక్కింది. దాని మూతిలోంచి సన్నటి ఆవిరి లేచింది. మూడో తరగతి పిల్లలు ముప్పైమందీ నోళ్లు తెరుచుకుని చూశారు.

చలికాలం. కిటికీలు మూసి హీటర్లు పెట్టేసరికి బడిలో గాలి ఎండుటాకులా తయారైంది.

"క్రిములన్నీ ఒక్కలాంటివి కావర్రా. ఫ్లూ క్రిమికి మాత్రం పొడిగాలంటే ప్రాణం. మనం తుమ్మితే పడే తుంపరలు చటుక్కున ఆరిపోయి, తేలికై, గాల్లో తిరుగుతూనే ఉంటాయి. వాటిలో అది హాయిగా బతికేస్తుంది. గాలిలో తగినంత తేమ ఉందనుకోండి, తొందరగా చస్తుంది."

ఈ యంత్రం కోసం ఆవిడ మూడేళ్లు పోరింది. చివరికి హెడ్మిస్ట్రెస్ ఒక్కటి కొనిచ్చి, "నెలరోజుల్లో తేడా చూపించండి. చూపిస్తే అన్ని గదులకూ తెప్పిస్తాను. లేకపోతే ఇదీ వెనక్కి పోతుంది" అని తేల్చి చెప్పింది.

తేడా తెలియాలంటే యంత్రం లేని గది ఒకటి కావాలి. పక్కదే ఉంది. నాలుగో తరగతి. అక్కడ పాఠం చెప్పే లెక్కల మాస్టారు ఆవిడకు స్వయానా మొగుడు.

"నీ పిల్లలు ఆవిర్లో సుఖపడాలి, నా పిల్లలు ఎండిపోవాలా?" అన్నాడాయన.

"సైన్సు కోసం ఆమాత్రం చేయలేరుటండీ? తుమ్ము వినిపించినప్పుడల్లా బోర్డు మూల ఒక గీత గీయండి. అంతే."

మొదటిరోజు ఆవిడ బోర్డు మీద మూడు గీతలు పడ్డాయి. గీత గీసిన ప్రతిసారీ ఆవిడ మొహం వాడిపోయింది. రెండోరోజు ఒక్క గీత. మూడోరోజు నుంచి బోర్డు మూల ఖాళీ. గోడకు తగిలించిన మీటరు తేమ యాభై శాతం దగ్గర చూపిస్తోంది. ఆవిడకు నేల మీద కాలు నిలవడం లేదు.

పక్కగదిలో మీటరు ఇరవై రెండు దాటలేదు. మాస్టారు పిల్లలకు వీపు చూపించి కుడిచేత్తో లెక్క రాస్తూంటే, వెనక నుంచి "హాఛ్" అని వినపడేది. ఎడంచెయ్యి ఒక గీత గీసేది. మళ్లీ "హాఛ్". మళ్లీ గీత. రెండోవారానికి సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. మూడోవారం మాస్టారే మంచం ఎక్కాడు.

"నీ ప్రయోగం మండ! నా కొంప ముంచావు కదే" అన్నాడు దుప్పట్లోంచి.

"నన్నంటారేం? గాలిననండి" అంటూ ఆవిడ వేడినీళ్ల గ్లాసు అందించింది.

"అదొక్కటే అయితే బాగుండును. నీ క్లాసు పిడుగులు నీళ్లు తాగాలంటూ పొద్దస్తమానం నా గదిలోకే వస్తారు. ఆ ఫిల్టరు అక్కణ్నుంచి తీయించకూడదూ?"

"తాగనివ్వండి పాపం. తేమ ఒంటికీ మంచిదే."

నెల తిరిగింది. యంత్రం ఉన్న గదిలో నాలుగు గీతలు. లేని గదిలో రెండువందల పదకొండు. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సవరించుకుని కాగితం రెండుసార్లు చూసింది.

"ఇంత తేడానా! నాకు నమ్మకం లేక మిమ్మల్ని మూడేళ్లు తిప్పాను, ఏమీ అనుకోకండమ్మా" అంటూ మిగతా గదులన్నిటికీ యంత్రాలు తెప్పించమని సంతకం పెట్టేసింది.

ఆ సంతోషంలో సైన్సు టీచరు ఆవిణ్ని చెయ్యి పట్టుకు లాగినంత పని చేసి క్లాసుకు తీసుకొచ్చింది. పిల్లలు లేచి నిలబడ్డారు.

"మన గదిలో ఆ మొదటి రెండ్రోజుల తర్వాత ఒక్క తుమ్ము కూడా ఎందుకు వినపడలేదో పెద్ద టీచరుగారికి ఎవరు చెబుతారు?"

ముప్పై చేతులు లేచాయి. ముందు బెంచీలో అందరికంటే పొట్టిది, బుడ్డి అని పిలుస్తారు, ఆగలేక గెంతుతోంది.

"నువ్వు చెప్పమ్మా."

బుడ్డి ఎర్రగా కందిన ముక్కును ఎగబీల్చి, గర్వంగా చెప్పింది:

"గీత గీసినప్పుడల్లా మీరు దిగులుపడుతున్నారని, తుమ్మొస్తే చాలు మేమందరం ముక్కు పట్టుకుని మాస్టారి గదిలోకి పరిగెత్తి అక్కడ తుమ్మి వస్తున్నాం టీచర్!"