గుమ్మానికి గాజులు

"విప్పు దాన్ని!" వాకిట్లోంచే అరిచింది మేనత్త చెన్నమ్మ. "మొగుడు పోయినదాని గాజులు ఎవరన్నా గుమ్మానికి కడతారా?"

ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక అద్దెలు పెరిగిన కర్నూలులో తల్లీకూతుళ్లకు మిగిలింది ఒక్క గది. నాన్న పోయిన పదో రోజున అమ్మ చేతులకు పగలగొట్టిన పచ్చగాజుల ముక్కలను సుంకమ్మ దాచుకుంది. వాటిని దీపం మంటలో వంచి, గొలుసులా ఒకదానికొకటి తగిలించి, ఆ గది గుమ్మానికి తోరణం కట్టింది.

"విప్పనత్తా," అంది సుంకమ్మ.

చెన్నమ్మ తోరణం మీద చెయ్యి వేసింది. మూలన కూర్చున్న అమ్మ లేచొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"నా చేతులకు వద్దంటిరి, ఊరుకుంటిని. గుమ్మానికేం, మొగుడు పోయినాడా వదినా?"

చెన్నమ్మ చెయ్యి దించింది. అమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఇంకా ముక్కలుండాయా పాపా? కిటికీ బోసిగా ఉండాది."