చెయ్యెత్తితే ఆపేస్తా

"నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి, వెంటనే ఆపేస్తా," అంది డాక్టర్ మెర్సీ. వాళ్లింట్లో మొదట చదువుకున్న మనిషి తనే. ఇచ్చిన మాట తప్పే అలవాటు లేదు.

"ఆపాల మేడమ్. మా మేనేజరు మాదిరి ఊ అని ఊరుకుంటే కాదు," అని నవ్వి నోరు తెరిచాడు ప్రశాంత్. నైట్ షిఫ్టుకు ముందే పుచ్చుపన్ను నింపించుకుందామని వచ్చాడు.

బోరబండ రైలు తప్పిపోతుందని నర్సు జాయ్స్ అతను రాకముందే వెళ్లిపోయింది. కింద హైటెక్ సిటీ రోడ్డు మీద హారన్లు కూడా సద్దుమణిగాయి. గదిలో డ్రిల్లు కూత ఒక్కటే. మెర్సీ పుచ్చు తొలుస్తూ మాటిమాటికీ అతని చేతివైపు చూసింది. చెయ్యి లేవలేదు. మత్తు బాగానే పట్టిందనుకుని ఇంకాస్త లోతుకు వెళ్లింది.

అప్పుడు కనిపించింది. అతని కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

డ్రిల్లు ఆపేసింది. "అయ్యో, చెయ్యెత్తమన్నాను కదండీ!"

ప్రశాంత్ రొప్పుతూ నోట్లో దూది ఉమ్మేశాడు. "ఎట్లెత్తేది మేడమ్? మీ నర్సు గట్టిగా పట్టుకుండాది కదా. వదలమనండి."

మెర్సీ కుర్చీ అవతలికి చూసింది. ఎవరూ లేరు. అతని ఎడమ మణికట్టు మీద మాత్రం నాలుగు వేళ్లు బిగించి పట్టినట్టు చర్మం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

డ్రిల్లు ఆగినా ఆ పట్టు వదల్లేదు.