నాలుగు నిమిషాల గడ్డం

ఏమోయ్ అల్లుడూ, హైదరాబాదు నుంచి రాజమండ్రికి కొత్త విమానంలో నాలుగు నిమిషాల్లో వచ్చేశానని మీసం మెలేస్తున్నావా? ముందు ఆ గడ్డం తడుముకో!

రాజమండ్రి విమానాశ్రయం బయట క్షౌరశాల నడిపే సూరిబాబుకి ఆ గడ్డాలే అన్నం పెట్టేవి. అక్కడ నున్నగా గీయించుకుని ఎక్కినవాళ్లు ఇక్కడ నెల గడ్డంతో దిగేవారు. గడియారాలు మాత్రం నాలుగు నిమిషాలే చూపించేవి.

"పెరిగింది గడ్డమేగా బాబూ, కూర్చోండి," అని నవ్వేవాడు సూరిబాబు.

ఆ ధీమాతోనే, హైదరాబాదు పుట్టింట్లో పురుడు పోసుకున్న భార్య నాగరత్నానికి ఫోన్ చేశాడు. "నెల పిల్లతో రాత్రంతా బస్సేంటే? విమానమెక్కెయ్!"

కూతుర్ని అతనింకా చూడలేదు. పసికందును ఎలా ఎత్తుకోవాలో తువ్వాలు చుట్టతో వారంపాటు నేర్చుకున్నాడు.

ఆ రోజు మబ్బులు కమ్మి, నాలుగు నిమిషాల్లో దిగాల్సిన విమానం ముప్పావుగంట గాల్లోనే తిరిగి దిగింది. నాగరత్నం మోకాళ్లు దాటిన జడతో నవ్వుతూ వచ్చింది.

"తల కింద చెయ్యి పెట్టండి, ఇంకా మెడ నిలవలేదు," అంది.

పిల్ల ఆమె చంకలోంచి జారి, తప్పటడుగులు వేస్తూ వచ్చి, సూరిబాబు ముఖం చూసి జడుసుకుని ఏడ్చింది.

వెనకే దిగిన పాత ఖాతాదారు గడ్డం గోక్కుంటూ ఆగిపోయాడు.

"అయ్యో సూరిబాబూ, పసిపిల్లని ఎక్కించావా? మేమెవ్వరం ఎక్కించం కదయ్యా!"