మానేశానన్న ఇంజెక్షన్

"ఎముకల ఇంజెక్షన్ ఇంకా వేయించుకుంటున్నావా? మానేశానన్నావుగా!" ఆస్పత్రి మంచం పక్కన నిలబడి కూతురు అరిచింది.

"మానేస్తే ఎముకలు పుటుక్కుమంటాయి," అంది తల్లి.

"కాలు చూస్తున్న డాక్టరుకైనా చెప్పాలిగా! ఏళ్ళ తరబడి వాడితే కొందరికి రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గుతుందట. చీటికీమాటికీ నీ కాలు ఎర్రగా వాచేది అందుకేనేమో! చెప్పుల్లేకుండా తిరుగుతున్నావని ఇన్నాళ్ళూ నిన్ను తిట్టిపోశాను."

"తిట్టు, పడతాను."

"ప్రాణం మీదకి తెచ్చుకుంటావా?"

"తుంటి విరిగినప్పుడు నాకు నీళ్ళు పోస్తూ చెంబు విసిరికొట్టావు. 'ఇంకెన్నాళ్ళమ్మా నాకీ చాకిరీ' అన్నావు."

"ఏదో విసుగులో..."

"మళ్ళీ నీ చేత పోయించుకోను."

కూతురు వాచిన కాలి కింద దిండు సర్దబోయింది.

"వదులు. నేనే సర్దుకుంటాను," అంటూ తల్లి పళ్ళు బిగబట్టి కాలు లాక్కుంది.