టీకి వస్తానన్న మాట

సగిన్‌బెక్ తాత మా ఇనుప సామాన్ల కొట్టుకొచ్చి రెండు మూరల తీగ అడిగాడు. బొగ్గు పొయ్యి పొగగొట్టం చీలిందట. పాలడబ్బా రేకు చుట్టి తీగ బిగిస్తాడట.

"వద్దు తాతా, కొత్త గొట్టం వేయించండి. ఆ చీలికలోంచి వచ్చే విషగాలి కంటికి కనబడదు. పక్కనే చంటి మనవడు పడుకుంటాడు కదా," అన్నాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఆ పొయ్యితో కాపురం చేస్తున్నానే పిల్లా! నాలుగు ముక్కలు చదివావని పొగకి కూడా పాఠాలు చెబుతావా? తీగ ఇవ్వు."

మా అట్‌బాషీ ఊళ్లో పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదు. తీగ కోసి ఇచ్చాను. ఇస్తూ, "తాతా, రేపు మా అమ్మా నేనూ మీ ఇంటికి టీకి వస్తాం," అన్నాను.

తీగ చుట్టుకుంటున్న తాత చేయి ఆగింది. అతిథిని కూర్చోబెట్టేది గుమ్మానికి ఎదురుగా, గది లోపలి కొసన ఉండే గౌరవ స్థానంలో. వాళ్లింట్లో పొగగొట్టం సరిగ్గా ఆ చోటు మీదుగానే పోతుంది.

"అతిథి నెత్తిన మసి రాలితే మా వంశం పరువేం కావాలి?" అని గొణిగి, తీగ బల్లమీద పడేసి, కొత్త గొట్టం భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"పిలవకుండా వచ్చే తిండిపోతువని ఊరంతా నవ్వుకుంటున్నారు. ఈ చలికాలం మాది ఎన్నో ఇల్లే?"

"తొమ్మిదోది తాతా. బోర్సోక్‌లు కాస్త ఎక్కువ వేయించమనండి!"

ఎనిమిది ఇళ్లలోనూ కొత్త గొట్టం కిందే కూర్చుని తిన్నాను. నూనెలో వేయించిన ఆ పిండి బోర్సోక్‌లు నాకు అసలు పడవు.